కొమురవ్వ చోటు

ప్రదర్శన 611

నిద్ర: ఆరు గంటలు. తిండి: జొన్నరొట్టె, గోంగూర పప్పు. నొప్పులు: ఎడమ మోకాలు, ఎప్పటిదే. ఎదురుచూపు: ఉంది.

ఈ నాలుగు గడులూ రోజూ నింపాలి. దీన్ని ఒంటి చిట్టా అంటారు మ్యూజియం వాళ్ళు. చిట్టా నింపకపోతే మణికట్టుకు పట్టీ కట్టరు. పట్టీ కట్టకపోతే ప్రదర్శన లేదు. నా గుండె కొట్టుకోవడం, నా కడుపులో తిప్పడం, నా వెన్నులో చలి, అన్నీ నా పట్టీ నుంచి నలభైమంది సందర్శకుల పట్టీల్లోకి పోతాయి. వాళ్ళు టికెట్టు కొనేది దానికోసమే. నాలుగో గడికి రెండే సమాధానాలు: ఉంది, తగ్గింది. రెండేళ్ళుగా 'ఉంది' అనే రాస్తున్నాను.

అడుగున 'మిగతా విషయాలు' అని అరపేజీ ఖాళీ వదిలారు. ఫుట్‌పాత్ మీద స్తంభం కింద కూర్చుని పదేళ్ళు ఊరందరికీ అర్జీలు రాసి బతికినదాన్ని, ఖాళీ కాగితం కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఎవరూ చదవరు, ఎందుకు రాస్తవే అని నాతోపాటు ఇక్కడ చేసే యాకూబ్ మామ వెక్కిరిస్తాడు. చదవకపోతే మరీ మంచిది.

ఈరోజు వచ్చినవాళ్ళు పైనగరం తొమ్మిదో వరుస వాళ్ళు. పుట్టి బుద్ధెరిగాక నేల మీద కాలు పెట్టినవాళ్ళు కారు. హాల్లోకి రాగానే అందరూ చేసే పని ఒకటే, బూటు కొనతో పలకను తట్టి చూడటం. అవి నిజమైన ఫుట్‌పాత్ పలకలు. పైనగరాన్ని మోసే రెండువందల పన్నెండో స్తంభం చుట్టూ ఉన్నవి. కోసి, నంబర్లు వేసి, లిఫ్టుల్లో పైకి తెచ్చి ఈ నాలుగో అంతస్తులో పరిచారు. మేం ఆరుగురం పడుకున్న పలకలే. ఇప్పుడు కింద ఎవరూ ఉండకూడదని చట్టం వచ్చింది. ఎలా ఉండేవాళ్ళమో చూపించడానికి మాత్రం మమ్మల్ని ఉంచారు.

వచ్చినవాళ్ళకు తలా ఒక అట్టముక్క, సీసాడు నీళ్ళు ఇస్తాం. గంటన్నరలో పడుకోవడానికి చోటు చూసుకోవాలి. అట్ట ఎలా మడవాలో యాకూబ్ మామ నేర్పుతాడు. మొదట్లో శ్రుతకీర్తి మేడమ్ హాలంతా చీకటి చేయాలన్నారు. ఆవిడే ఈ మ్యూజియానికి పెద్ద. "ఆడోళ్ళు రాత్రి పండుకోరు మేడమ్. రాత్రంత కూసుంటరు. పగలు పండుకుంటరు," అన్నాను.  ఆ మర్నాడే హాలంతా ఎండ లైట్లు పెట్టించారు. చెబితే వింటారు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇవాళ ఒక బొజ్జ సారు తిన్నగా వెళ్ళి స్తంభానికి వీపు ఆనించి కూర్చోబోయారు. రోజూ ఎవరో ఒకరు అక్కడికే పోతారు. గాలి కొట్టదు, వాన జల్లు పడదు, వెనక నుంచి ఎవరూ రాలేరు. ఉన్నవాటిలో మేలైన చోటు అది.

"ఆడ కాదు సార్. అది కొమురక్కది."

"ఎవరూ లేరు కదమ్మా?"

"రాయి ఉన్నది గదా."

పలక మీద కొబ్బరికాయంత రాయి ఉంటుంది. అప్పుడు అందరినీ చుట్టూ కూర్చోబెట్టి చెబుతాను. మాలో ఎవరైనా ఆస్పత్రికో, ఠాణాకో, కూలికో పోతే వాళ్ళ చోట్లో రాయి పెడతాం. రాయి ఉన్నన్నాళ్ళూ ఆ చోట్లో ఎవరూ పడుకోరు. తిరిగొచ్చిన మనిషి ఎవరినీ ఏమీ అడగదు. రాయి ఉంటే పక్కకు జరిపి పడుకుంటుంది. లేకపోతే మాట్లాడకుండా వెళ్ళిపోతుంది. రాయి పెట్టినవాళ్ళు ఆ మనిషిని వెతుక్కుంటూ పోకూడదు. వీళ్ళు వెతకబోయి, ఆమె ఇటు వస్తే చోటు కాచేదెవరు?

కొమురవ్వక్కను కాలు వాచి జ్వరంతో ఉంటే ఆస్పత్రి బండి ఎక్కించుకుపోయిన రోజు ఆ రాయి పెట్టింది నేను. అక్కడికి వచ్చేసరికి నలభైమంది చేతులూ గుండెల మీదికి పోతాయి. గేటు దగ్గర తెర మీద, అందరి పట్టీల జోరునూ చూపే గీత పైకి లేస్తుంది. బొజ్జ సారు ఇవాళ ముక్కు చీదుకుని, తన నీళ్ళసీసా రాయి పక్కన పెట్టి వెళ్ళారు.

ప్రదర్శన 615

నిద్ర: ఐదు. తిండి: ఇడ్లీ. నొప్పులు: అదే మోకాలు. ఎదురుచూపు: ఉంది.

నిన్న బస్సు దిగేసరికి ఎదురుగా తెర మీద నా ముఖం. ఇంత పెద్దది. "అక్కా, నీ చోట్లో ఇంకా ఎవరూ పడుకోలేదు," అంటున్నాను. వెనక వీణ. ఆ తర్వాత మ్యూజియం వేళలు, టికెట్టు ధర.

హాల్లో నేను ఏడ్చే ముక్కలు ప్రకటనల్లో మొదటినుంచీ వేస్తూనే ఉన్నారు, ఈ మాట మాత్రం హాల్లో అన్నది కాదు, నా గొంతు తయారుచేసి అనిపించారు. ఆ మాట నాదే. నెల కిందట ఈ చిట్టాలోనే రాశాను. అంటే ఎవరో చదువుతున్నారు. మేడమ్‌ని అడిగితే నవ్వేశారు. "మీ వాక్యాలు చాలా బాగుంటాయి అండాలు గారూ. మా రచయితలు ఎంత గింజుకున్నా అలాంటిది రాయలేకపోయారు. అన్ని జిల్లాల బస్టాండుల్లోనూ వేశాం. మీ అక్క ఎక్కడున్నా చూస్తారేమో!"

నేను పొంగిపోయాను. అబద్ధమెందుకు? అరవై రూపాయలకు అర్జీ రాస్తే "గిదేం రాతనే" అని విసిరికొట్టిన గుమాస్తాలను చూసినదాన్ని. పెద్ద చదువుల మనిషి నా వాక్యం బాగుందంటే ఆ రోజంతా మోకాలు నొప్పే తెలియలేదు.

అక్క సంగతి కూడా అడిగాను. వెతకమని అనలేదు, అది మా పద్ధతి కాదు. కనపడితే మాత్రం చెప్పమని మొదటి రోజే మాట తీసుకున్నాను. "ఆస్పత్రి రిజిస్టర్లలో లక్షల పేర్లుంటాయి కదండీ. కనిపించిన క్షణం మీకే చెబుతాను," అన్నారు ఎప్పటిలాగే.

పలకలు పైకి తెచ్చే విషయంలో నాకప్పట్లో భయంగానే ఉండేది. అక్క వచ్చి చూస్తే ఎలాగని. కానీ రాయిని ఎవరూ ముట్టుకోలేదు. పలక మీదున్నది పలక మీదే ఉంది, పలక ఊరు మారిందంతే. పైగా నలభై రోజులు యాకూబ్ మామను పలకలు లేపిన గుంట దగ్గర పగటిపూట కాపలా కూర్చోబెట్టారు, అక్క వస్తే తీసుకురమ్మని. చట్టం వచ్చి అందరినీ ఊడ్చేస్తున్న రోజులవి. మా ఆరుగురికీ తలా ఒక గది, గదికి తలుపు, తలుపుకు లోపలి గొళ్ళెం ఇస్తామన్నారు. ఒప్పుకున్నాం.

ప్రదర్శన 620

నిద్ర: ఆరు. తిండి: ఉప్మా. నొప్పులు: లేవు. ఎదురుచూపు:

ఈ గడిలో ఏం రాయాలో తెలియక అరగంట నుంచి కూర్చున్నాను.

ఇవాళ రాయి కథ అయ్యాక ఒకామె చెయ్యెత్తింది. బస్సు కండక్టరు. ఖాకీ చొక్కా మీదే పట్టీ కట్టుకుంది. సందర్శకులు మమ్మల్ని ఏమైనా అడగొచ్చు, అది ప్రదర్శనలో భాగమే. చాలామంది స్నానం గురించి అడుగుతారు. ఈమె అది అడగలేదు.

"ఆ కొమురవ్వకు ఎడమ చెవి తమ్మె చీలి ఉంటదా అమ్మా?"

నా గుండె ఎంత జోరుగా కొట్టుకుందో నాకన్నా ముందు ఆ నలభైమంది ముఖాల్లో కనబడింది. ఒకాయన గోడ పట్టుకున్నాడు.

"ఉంటది. నీకెట్ల తెలుసు?"

"మా భూపాలపల్లి బస్టాండ్ క్యాంటీన్ల పూరీలు ఒత్తుతది గదా! రెండేండ్లయె. నీ ముఖం తెర మీద వస్తే చాలు, బంద్ చెయ్యిమని మొత్తుకుంటది. ఎందుకే అంటే చెప్పదు. గిప్పుడు సమజైంది నాకు..."

అంతే. పట్టీలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. సాంకేతిక లోపమని, టికెట్టు డబ్బు తిరిగి ఇస్తామని మైకులో గొంతు వినిపించింది. ఇద్దరు గార్డులు వచ్చి ముందుగా కండక్టరమ్మను బయటికి నడిపించారు. రెండేళ్ళలో ఒక్కనాడూ రాని లోపం సరిగ్గా ఆ నిమిషానికే వచ్చింది.

నేను యాకూబ్ మామ వైపు చూశాను. అక్క బతికుందని తెలిస్తే నాకన్నా ముందు గంతులేయాల్సిన మనిషి. తేలు కుట్టిన దొంగలా అట్టముక్కలు సర్దుకుంటున్నాడు.

ప్రదర్శన 621 రోజు

ఇది మ్యూజియం చిట్టా కాదు. నా దగ్గర మిగిలిన పాత అర్జీ ఫారాల వెనక రాస్తున్నాను. గడులు లేవు.

పొద్దున్నే హాలు తెరవకముందే మామను పట్టుకున్నాను. నాకు అట్ట మడవడం నేర్పినవాడు, పదేళ్ళు నా తలవైపు పడుకున్నవాడు.

"నువ్వు నలభై దినాలు గుంట కాడ కూసున్నవు గదా మామా. అక్క వచ్చిందా?"

మడిచిన అట్టనే మళ్ళీ మడిచాడు.

"వచ్చింది."

"ఎన్నడు?"

"పందొమ్మిదో దినం పొద్దుగాల. కట్టె పట్టుకొని కుంటుకుంట వచ్చింది. పలకలు లేపిన గుంటల నీళ్ళు నిలిచి ఉండె. జెరసేపు ఆ నీళ్ళే చూసింది."

"నువ్వేం జేసినవ్?"

"మేడమ్‌కు ఫోన్ జేసిన. నువ్వేం మాట్లాడకు, నేను వస్తున్న అన్నది. ఆమె దిగేటాళ్ళకు అక్క పోయింది."

"ఒక్క కేక ఎయ్యకపోతివా! అక్కా అంటే అయిపోవు గదా!"

"ఎయ్యలే." ముఖం ఎత్తలేదు. "ఆ తర్వాత మేడమ్ చెప్పింది. కొమురవ్వ వచ్చిందంటే అండాలు ఎదురుచూసుడు ఆగిపోతది, అది ఆగితే ఆట ఆగిపోతది, ఆట ఆగితే ఆరు గదులు పోతయి అని. నాకప్పటికి గొళ్ళెం పెట్టుకొని పండుకునుడు అలవాటైంది బిడ్డా. పందొమ్మిది దినాలకే అలవాటైంది. మల్ల కిందికి పోవాల్నంటే పాణం ఒప్పలే."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. రోజూ నేను ఆ రాయి ముందు కూర్చుని ఏడుస్తుంటే, పక్కన నిలబడి అట్టలు పంచాడు. ఆరువందల సార్లు. ఒక్కసారైనా నాలుక జారలేదు. ఆ నోటిని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"మిగిలినోళ్ళకు తెలుసా?"

"నీకు తప్ప అందరికి తెలుసు."

నేను ఏడవలేదు. అప్పుడు ఏడుపు రాకపోవడం చూసి నాకే ఆశ్చర్యం వేసింది. తిన్నగా మేడమ్ గదికి పోయాను.

శ్రుతకీర్తి మేడమ్ నన్ను చూసి లేచి నిలబడింది. తలుపు వేసింది. నీళ్ళిచ్చింది. ఏం దాచలేదు, ఇక దాచాల్సింది లేదు కదా.

"ఆమె బాగానే ఉన్నారు అండాలు గారూ. కాలికి ఆపరేషన్ అయింది, క్యాంటీన్లో పని ఉంది, వెనక ఒక గది ఉంది. ఆరు నెలలకోసారి మేం కనుక్కుంటూనే ఉన్నాం."

"కనపడితే చెప్తనంటివి గదా."

"రాయి పెట్టినవాళ్ళు వెతకకూడదని మీరే చెప్పారు. మీ ఆచారాన్ని గౌరవించాం."

"వెతకకూడదన్న. కనపడ్డంక దాచిపెట్టుమన్ననా?"

ఆమె గ్లాసు నా వైపు జరిపింది. "ఎదురుచూపును నటించలేమండీ. మీకు ముందు ఇద్దరు నటులతో చేసి చూశాం. పట్టీల్లో ఆకలి వచ్చింది, చలి వచ్చింది. అది మాత్రం రాలేదు. మీ దగ్గరే వచ్చింది. పాతికవేల మంది అది తెలుసుకుని వెళ్ళారు. మూడు కాలనీల వాళ్ళు చోటులేనివాళ్ళ కోసం తమ మెట్ల కింద జాగా వదిలారు, మీకు తెలుసా? ఒక్క మాట మీకు చెప్పి ఇదంతా పోగొట్టుకోమంటారా?"

చెడ్డమనిషైతే నాకు సులువుగా ఉండేది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి ఆమెకు. పిల్లికి చెలగాటం అంటారు గానీ, ఈ పిల్లి ఎలుక మీద జాలితో ఏడుస్తూ మరీ ఆడింది. రోజూ నాలుగో గడి చూసుకుని, 'ఉంది' అని కనబడ్డాక టికెట్లు తెరిచేదట. అది కూడా తనే చెప్పింది.

ప్రదర్శన 621

ఆఖరిది చేశాను. నిన్నటి ఖాళీ గడిలో చివరికి 'ఉంది' అనే రాసి ఇచ్చాను గనుక టికెట్లు తెరిచారు. ఎందుకు చేశానంటే, నలభైమంది అప్పటికే వచ్చి కూర్చున్నారు, వాళ్ళైనా నిజం వినిపోవాలని.

అట్టలు పంచలేదు. చోటు వెతుక్కోమనలేదు. రాయి దగ్గర నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. అక్క బతికుందని, వచ్చిపోయిందని, వీళ్ళందరికీ తెలుసని. పట్టీ ఆపుతారనుకున్నాను. ఆపలేదు. నా కడుపులో ఉన్నదంతా వాళ్ళ కడుపుల్లోకి పోయింది. ఒకాయన వాంతి చేసుకున్నాడు. ఒకామె నీళ్ళసీసా తీసి గోడకేసి కొట్టి, ఎందుకు కొట్టానో తెలియదని ఏడ్చింది. ముసలాయన ఒకరు ఎవరినో, కొడుకును కాబోలు, పేరు పెట్టి తిట్టడం మొదలుపెట్టారు.

అయ్యాక మేడమ్ పరుగెత్తుకొచ్చింది. గేటు దగ్గర గీత తెర పైఅంచు దాటిందట. "ఇలాంటిది ఇంతవరకూ రాలేదు అండాలు గారూ! మీ కోపం న్యాయమైంది. జనానికి ఇది కూడా తెలియాలి. రేపు కూడా ఇలాగే..."

పట్టీ విప్పి ఆమె చేతిలో పెట్టాను.

బయట వరండాలో మా వాళ్ళు ఐదుగురూ అడ్డంగా నిలబడ్డారు. "నువ్వు పోతే మా తలుపుల సంగతేంది?" అని ఒకరు. "బతికున్నదని తెల్సింది గదా, ఇంకేం గావాలె? గమ్మున ఉండరాదూ!" అని ఇంకొకరు. ఒకే బొంతలో ముడుచుకుని చలికాలాలు దాటినవాళ్ళం. మీ తలుపులు మీరు కాచుకోండి అన్నాను. యాకూబ్ మామ మాత్రం ఒక కాగితం ముక్క చేతిలో పెట్టాడు. భూపాలపల్లి బస్సు నంబరు, బయలుదేరే వేళ. ఇంతకాలం జేబులోనే పెట్టుకుని తిరిగాడు.

గదికి వెళ్తే తలుపు నన్ను గుర్తుపట్టలేదు. అప్పుడే పేరు తీసేశారు. బట్టల సంచి వరండాలో ఉంది, చక్కగా మడిచిపెట్టి.

ప్రదర్శన లేదు

భూపాలపల్లికి బస్సు నాలుగున్నర గంటలు. దారి పొడవునా ఏం మాట్లాడాలో కూర్చుకుంటూనే ఉన్నాను. ఊరందరి కష్టాలూ కాగితం మీద పెట్టినదాన్ని, నా కష్టం చెప్పుకోలేనా అనుకున్నాను.

క్యాంటీన్ బస్టాండు చివర, తెరకు ఎదురుగానే ఉంది. పొద్దున పదకొండు. టిఫిన్ల జోరు అప్పుడే తగ్గింది. అక్క వెనక బల్ల దగ్గర నిలబడి పూరీలు ఒత్తుతోంది. జుట్టు మొత్తం తెల్లబడింది. చీలిన చెవి అలాగే ఉంది. నన్ను చూసింది. పీటను, కర్రను వదల్లేదు. ఏమీ అడగలేదు. మావాళ్ళు అడగరు.

నేనే మొదలుపెట్టాను. "అక్కా, నీ చోట్ల ఇంకా ఎవ్వరు పండుకోలే."

"గా మాట తెర మీద ఇన్న," అంది. "దినాం ఇరవైసార్లు వస్తది."

"దినాం నీకోసమే కండ్లు కాయలు కాసినట్టు..."

"గా మాట గూడ ఇన్న. ఎనక వీణె వాయిస్తరు."

"నువ్వొస్తవని రాయి కాడ..."

"ఊ. గా ముచ్చట అయినంక టికెట్టు ధర చెప్తరు."

 వరసగా వెతుక్కుంటే వచ్చిన ప్రతి మాటా నేను హాల్లో చెప్పినదే, చిట్టాలో రాసినదే. పట్టీ ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించి, అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. నా అక్క ముందు నిలబడి నా దగ్గర సొంత మాట లేదు. అన్నీ తీసుకున్నారు, నేనూ మురిసిపోయి ఇచ్చాను.

పూరీ నూనెలో వేసి అక్కే అంది, "ఒకపారి వచ్చిన నీ మ్యూజియంకు. గేటు కాడ టికెట్టు అడిగిండ్రు. నా చోటు నేను సూసుకునేటందుకు టికెట్టేంది అన్న. పేరడిగిండ్రు. చెప్పిన. లోపలికి పోయి మల్లొచ్చి, ఈ దినం టికెట్లు అయిపోయినయి అమ్మా అన్నరు. లోపల నీ గొంతు ఇనబడుతనే ఉండె."

 బల్ల పట్టుకున్నాను.

అప్పుడు వచ్చింది ఆ మాట. ఏ చిట్టాలోనూ రాయనిది. హాల్లో ఒక్కసారి కూడా చెప్పనిది. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. కానీ అక్క ముందు నా దగ్గర మిగిలింది అదొక్కటే.

"పలకలు లేపిన దినం, నీ పలక పగులు వట్టి ఉండె అక్కా. ఇంజినీరు అన్నడు, ఇదొక్కటి ఇక్కడ్నే ఇడిసిపెడదమా అని. మేడమ్ నన్నే అడిగింది. అంతకుముందు దినమే రాయి ముచ్చట ఆమెకు చెప్పిన. చెప్తుంటే ఆమె కండ్లు మెరిసినయి. గా రాయి లేకుంటే ఆ గదులు మాకు ఇయ్యరని నాకు ఎరికైంది. ఎవ్వరు బలిమి చెయ్యలే. పట్టుకపోండ్రి అని నేనే అన్న."

ఒత్తుతున్న కర్ర ఆగింది. మైకులో ఏదో బస్సు పిలుపు వచ్చి పోయింది. నూనెలో పూరీ మాడుతుంటే అక్కే తీసి పక్కన పడేసింది.

"నువ్వేనా అన్నది."

"నేనే."

"మా చెల్లె అట్ల జెయ్యదు, దాన్ని మోసం జేసి గుంజుకపోయిండ్రు అని ఈడ అందరికి చెప్పిన. తెర మీద నువ్వు ఏడుస్తుంటే, దానితోని బలిమిగ ఏడిపిస్తున్నరు, బంద్ చెయ్యిండ్రి అని కొట్లాడిన. రెండేండ్లు." గొంతు పెంచలేదు. చేతికంటిన పిండి గీక్కుంటూ చెప్పింది. "తిట్టేటందుకు గూడ పాణం లేదు నాకు. వాళ్ళ మీద కోపం ఉండె ఇన్ని దినాలు, దాంతోనే పొద్దు పోతుండె. అది గూడ లేకుంట జేసినవ్."

 యాకూబ్ మామ అట్ట మడుస్తూ తల ఎత్తకపోవడం ఎలా ఉంటుందో అప్పుడు నాకు తెలిసింది.

అక్క ఇంకో ఉండ తీసి పీట మీద పెట్టింది. "నాలుగు గంటలదాంక బస్సు లేదు," అంది నా వైపు చూడకుండా. "ఉత్తగ నిలవడకు. ఆ ఉల్లిగడ్డలు కొయ్యి."

కోశాను. రెండు గంపలు. మధ్యలో ఒకసారి తెర మీద నేను వచ్చాను. ఎవరూ బంద్ చేయమనలేదు. మొత్తం అయ్యేదాకా నా గొంతు నేనే విన్నాను. నాలుగింటికి బస్సు వచ్చింది. చేతులు కడుక్కుని, సంచి తీసుకుని ఎక్కాను. ఎక్కడికి పోతవని అక్క అడగలేదు.